గోడల లోపల దారి ఎవరికి తెలుసు?

కశ్మీర్ లోయలో కొండవాలు మీద కట్టిన ఒక పాత మూడంతస్తుల భవనం. 1990ల మధ్యకాలం, మంచు పడటానికి ముందు రోజులు. లోపల ఇద్దరు ఉగ్రవాదులు నక్కి ఉన్నారని తెల్లవారుజామున కబురొచ్చింది. చుట్టూ జవాన్లను మోహరించి రెండు జట్లను లోపలికి పంపాను. ఒకటి ముందు తలుపు నుంచి వెళ్లి మెట్లెక్కింది. రెండోది వెనుక వైపు గుమ్మం గుండా దూరింది. నేను బయట రాతిగోడ చాటున రేడియో సెట్టు చెవికి ఆనించుకుని కూర్చున్నాను. కరెంటు లేదు. లోపలంతా చీకటి.

పావుగంట తర్వాత మొదటి జట్టు నాయకుడు రెండో అంతస్తుకు చేరామన్నాడు. రెండో జట్టు నాయకుడు తాము మొదటి అంతస్తులో ఉన్నామన్నాడు. మరు నిమిషంలో అతడి గొంతు మళ్లీ వినిపించింది. 'పక్క గదిలో ఎవరో కదులుతున్నారు సాబ్, గ్రెనేడ్ వేయమంటారా?' వాళ్లు చెప్పిన లెక్క ప్రకారం మా మొదటి జట్టు అతడికి పై అంతస్తులో ఉంది. అలాంటప్పుడు పక్క గదిలో ఉన్నది శత్రువే కావాలి. వేయమని చెప్పబోయి ఎందుకో ఆగాను. మొదటి జట్టును ఉన్నచోటే గోడమీద రైఫిల్ బట్‌తో మూడుసార్లు కొట్టమన్నాను. ఆ చప్పుడుతో మా వాళ్ల ఆచూకీ శత్రువుకు తెలిసిపోవచ్చు. వేరే దారి తోచలేదు. అయిదారు సెకన్ల తర్వాత రెండో జట్టు నాయకుడు గొంతు తగ్గించి చెప్పాడు: 'ఆ చప్పుడు పక్క గదిలోంచే వస్తోంది సాబ్.'

సంగతేమిటో తర్వాత అర్థమైంది. ముందు తలుపు వాలు కింద ఉంది. వెనుక గుమ్మం వాలు పైన, నేరుగా రెండో అంతస్తులోకి తెరుచుకుంటుంది. ఎవరు ఎక్కడ అడుగుపెట్టారో దాన్నే మొదటి అంతస్తుగా లెక్కేసుకున్నారు. ఆ రోజు ఉగ్రవాదులు దొరకలేదు కానీ నా మనుషులందరూ ప్రాణాలతో బయటికొచ్చారు. ఆ తర్వాత నేను ఏ భవనాన్ని చుట్టుముట్టినా ముందు అడిగిన ప్రశ్న ఒకటే: లోపల మనవాళ్లు సరిగ్గా ఎక్కడున్నారు?

ఇప్పుడు ఆ ప్రశ్నకు కొంతవరకైనా సమాధానం చెప్పగల పరికరం ప్రతి జేబులో ఉంది. ఉపగ్రహాల సాయం లేకుండా, కేవలం కదలికను పసిగట్టే సెన్సర్లతో భవనం లోపల మనిషి ఎక్కడున్నాడో స్మార్ట్‌ఫోన్ అంచనా వేయగలదు. దేశ భద్రత కోణంలో ఇది రెండంచుల కత్తి. ఒక అంచును మనం ఇంకా సరిగా వాడుకోవడం లేదు. రెండో అంచు మనల్నే కోస్తుందన్న సంగతి పూర్తిగా గుర్తించడం లేదు.

అడుగులు లెక్కపెట్టే ఫోన్

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అక్కడి నుంచి వచ్చే సంకేతం నేలకు చేరేసరికి ఎంత బలహీనపడుతుందంటే, కాంక్రీటు శ్లాబును దాటి లోపలికి రావడం దానికి కష్టం. మన సొంత నావిక్ ఉపగ్రహాలు ఇంకా ఎత్తున, సుమారు 36 వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఇంటి కప్పు కింద వాటి పరిస్థితీ అంతే. ఆరుబయట కూడా జీపీఎస్‌ను గుడ్డిగా నమ్మే రోజులు పోయాయి. ఉక్రెయిన్ యుద్ధంలో సంకేతాలను జామ్ చేయడం, తప్పుడు సంకేతాలు పంపడం నిత్యకృత్యమైంది. మన పౌర విమానయాన డైరెక్టరేట్ కూడా 2023 నవంబరులో విమానయాన సంస్థలను ఈ విషయమై అప్రమత్తం చేయాల్సి వచ్చింది.

మరి ఆకాశం కనిపించనిచోట ఫోన్ దారి ఎలా కనుక్కుంటుంది? అందులో గోరు మీద పట్టేంత చిప్పులు కొన్ని ఉంటాయి. వేగంలో మార్పును యాక్సిలరోమీటర్ కొలుస్తుంది. ఎటు ఎంత తిరిగామో జైరోస్కోప్ చెబుతుంది. భూ అయస్కాంత క్షేత్రాన్ని బట్టి దిక్కును మాగ్నెటోమీటర్ చూపిస్తుంది. చాలా ఫోన్లలో గాలి పీడనాన్ని కొలిచే బారోమీటర్ కూడా ఉంటుంది. ఒకప్పుడు క్షిపణులకు, జలాంతర్గాములకు పరిమితమైన జైరోస్కోప్ 2010లో ఐఫోన్ 4తో మామూలు జనం జేబుల్లోకి వచ్చింది.

వీటి పని అర్థం చేసుకోవడానికి నాకు డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ రాత్రులు సరిపోతాయి. చీకట్లో మ్యాపు, దిక్సూచి ఇచ్చి సాల్ అడవుల్లోకి వదిలేసేవారు. దిక్సూచితో దిశ పట్టుకోవాలి, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవాలి. ప్రతి వంద అడుగులకు ఒక గులకరాయి ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మార్చుకునేవాళ్లం. ఎన్ని అడుగులు, ఏ దిశలో అన్న రెండు ముక్కలు తెలిస్తే మ్యాపు మీద మనమెక్కడున్నామో చెప్పొచ్చు. ఫోన్ చేస్తున్నదీ ఇదే. మడమ నేలకు తగిలినప్పుడు వచ్చే కుదుపును యాక్సిలరోమీటర్ ఒక అడుగుగా లెక్కేస్తుంది. జైరోస్కోప్, మాగ్నెటోమీటర్ కలిసి దిశ చెబుతాయి.

యాక్సిలరోమీటర్ కొలతల నుంచి దూరాన్ని నేరుగా లెక్కగట్టొచ్చు కదా, అడుగుల గొడవ ఎందుకు అని ఇంజినీరింగ్ చదివిన పాఠకులకు సందేహం రావచ్చు. గురుత్వాకర్షణలో వెయ్యో వంతు పొరపాటు ఆ కొలతలో దొర్లిందనుకుందాం. ఒక నిమిషానికి అది 18 మీటర్ల తప్పవుతుంది. పది నిమిషాలకు సుమారు 1,800 మీటర్లవుతుంది. పొరపాటు కాలం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. చవక చిప్పుల్లో ఇంతకంటే పెద్ద పొరపాట్లే ఉంటాయి. క్షిపణిలో వాడే ఖరీదైన జైరోలకు, ఫోన్‌లోని చిప్పులకు తేడా ఇక్కడే. అందుకే ఫోన్ పాతకాలపు సిపాయిలాగా అడుగులే లెక్కపెడుతుంది.

అడుగుల లెక్కలోనూ చిక్కులున్నాయి. అకాడమీలో మాకు నేర్పిన తొలి సూత్రం 'అరవైకి ఒకటి'. దిశలో ఒక్క డిగ్రీ తప్పితే ప్రతి 60 మీటర్లకు ఒక మీటరు పక్కకు పోతాం. అయిదు డిగ్రీలు తప్పిన మనిషి 300 మీటర్లు నడిచేసరికి పాతిక మీటర్లు దారి తప్పుతాడు. భవనంలో అది పది గదుల తేడా కావచ్చు. మేం దిక్సూచి చూసేటప్పుడు రైఫిల్‌ను, ఉక్కు టోపీని దూరంగా పెట్టేవాళ్లం. ఇనుము దగ్గరుంటే ముల్లు అబద్ధం చెబుతుంది. ఇప్పటి భవనం ఇనుప కడ్డీల మయం. లిఫ్టు పక్కన, కరెంటు ప్యానెల్ పక్కన మాగ్నెటోమీటర్ తికమకపడుతుంది. జైరోకు ఇనుముతో పేచీ లేదు కానీ, నిమిషాలు గడిచేకొద్దీ అది తనంతట తానే పక్కకు జరుగుతుంది.

ఈ లోపాలను సరిదిద్దే పద్ధతులను పరిశోధకులు గత పాతికేళ్లలో చాలానే కనుక్కున్నారు. మనిషి గోడలోంచి నడవలేడు. కాబట్టి భవనం ప్లాను చేతిలో ఉంటే, గోడను దాటిన అంచనాలన్నింటినీ కంప్యూటర్ కొట్టేయగలదు. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రం 2012లో 'జీ' పేరుతో ఇలాంటి పద్ధతినే ప్రకటించింది. ఫోన్ పట్టుకుని మామూలుగా తిరిగే మనుషుల అడుగుల నుంచే భవనంలో ఎక్కడ ఏ వైఫై సంకేతం ఎంత బలంగా ఉందో పటం తయారవుతుంది. దిక్సూచిని తప్పుదోవ పట్టించే ఇనుమే మరో రకంగా పనికొస్తుంది. ప్రతి వరండాలో అయస్కాంత క్షేత్రం ఒక్కో తీరుగా వంకర పోతుంది కనుక, ఆ వంకరే ఆ చోటికి వేలిముద్ర అవుతుంది. అంతస్తు సంగతి బారోమీటర్ చూసుకుంటుంది. మూడు మీటర్ల అంతస్తుకు గాలి పీడనంలో తేడా సుమారు 36 పాస్కల్. మొత్తం పీడనంలో ఇది దాదాపు మూడు వేలలో ఒక వంతు. అంత చిన్న తేడానూ చవక చిప్పు గుర్తుపడుతుంది. కశ్మీర్‌లోని ఆ భవనంలో నాకు కావలసింది ఈ ఒక్క సమాచారమే.

అన్నింటికంటే మెరుగైనది బూటులో అమర్చే సెన్సర్. నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ పాదం క్షణకాలం నేల మీద కదలకుండా నిలుస్తుంది. ఆ క్షణంలో వేగం సున్నా అని పరికరానికి తెలుసు. అప్పటిదాకా పోగైన పొరపాటును అది అక్కడే తుడిచేసుకుంటుంది. అప్పులు పేరుకోకుండా కొట్టువాడు ప్రతి రాత్రీ ఖాతా తేల్చుకోవడం లాంటిదిది. దూరం లెక్క ఇలా బాగా మెరుగుపడుతుంది. దిశలో వచ్చే తప్పును మాత్రం వేరే దారుల్లో దిద్దుకోవాలి.

పొగలో, చీకట్లో, సొరంగంలో

ఇది ప్రయోగశాల ముచ్చట కాదు. 1999 డిసెంబరు 3న అమెరికాలోని వూస్టర్ పట్టణంలో వాడకంలో లేని ఒక శీతల గిడ్డంగికి నిప్పంటుకుంది. కిటికీలు లేని భవనం. లోపల చిక్కడి గదులు. ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది పొగలో దారి తప్పారు. వారిని వెతకడానికి వెళ్లిన నలుగురూ తిరిగి రాలేదు. ఆరుగురు చనిపోయారు. అదే ఊళ్లో ఉన్న పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం ఆ విషాదం తర్వాత, భవనం లోపలి సిబ్బంది ఆచూకీ బయటివారికి తెలిసే పరికరాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసింది.

మన అనుభవం ఇంతకంటే తక్కువ చేదుదేమీ కాదు. 2008 నవంబరు 26న ముంబయి మీద దాడి జరిగినప్పుడు తాజ్ హోటల్లో పోరాటం 29వ తేదీ ఉదయం దాకా సాగింది. వంద ఏళ్లు దాటిన ఆ భవనంలో వరండాలు, సేవకుల మెట్లు, వంటశాల దారులు పెనవేసుకుని ఉంటాయి. లోపలి దారులు ఉగ్రవాదులకు బాగా తెలుసని మెరైన్ కమాండోలు అప్పట్లో విలేకరులతో అన్నారు. ఎన్‌ఎస్‌జీ మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ ఆ హోటల్లోనే ప్రాణాలు కోల్పోయారు. సెన్సర్ ఉంటే ఆయన బతికేవారని నేను అనను. తెలియని భవనంలోకి, తెలిసిన శత్రువు మీదికి వెళ్లే సైనికుడికి మనం ఏమిచ్చి పంపుతున్నామన్నదే నా ప్రశ్న.

తెలుగు నేల మీదే రెండు సంఘటనలు చూద్దాం. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో అగ్నిప్రమాదం జరిగినప్పుడు పై అంతస్తులో చిక్కుకున్న ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. వారి చేతుల్లో ఫోన్లున్నాయి. ఇప్పటి స్మార్ట్‌ఫోన్లలో జీపీఎస్ ఉంటుంది. అది భవనం పేరు చెబుతుంది, అంతస్తు చెప్పదు. అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ 2019లోనే అత్యవసర కాల్ చేసిన మనిషి ఎంత ఎత్తులో ఉన్నాడో మూడు మీటర్ల తేడాతో తెలపాలని, కనీసం 80 శాతం కాల్స్‌లో అది సాధ్యం కావాలని షరతు పెట్టింది. మన 112 సేవకు అలాంటి షరతు ఎందుకు ఉండకూడదు?

రెండోది 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలిన ఘటన. ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. సైన్యం, ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి సిబ్బంది వంటి ఎన్నో బృందాలు దిగాయి. భూమిలోకి చూసే రాడార్లు, శవాల వాసన పట్టే జాగిలాలు వచ్చాయి. బురద, రాళ్లు, ఇనుము పేరుకున్నచోట ఎవరు ఎక్కడున్నారో తెలియక వారాల తరబడి వెతకాల్సి వచ్చింది. ప్రతి కార్మికుడి బెల్టుకు ఒక చిన్న సెన్సర్ ఉండి, అతడి చివరి అడుగు ఎక్కడ పడిందో బయటి కంప్యూటర్‌లో నమోదై ఉంటే, కనీసం ఎక్కడ తవ్వాలో తెలిసేది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. లోపలి మనిషి తానెక్కడున్నాడో లెక్కగట్టుకున్నంత మాత్రాన సరిపోదు. ఆ సంగతి బయట నిలబడ్డ కమాండర్‌కు చేరాలి. కాంక్రీటు, రాయి రేడియోను మింగేస్తాయి. కాబట్టి భవనంలోకి వెళ్లే జట్టు దారి పొడవునా చిన్న రిలే పరికరాలు వదులుతూ వెళ్లాలి. సొరంగంలో పొడవునా ప్రత్యేకమైన రేడియో కేబుల్ వేయాలి. సెన్సర్ కొని, సంకేతం సంగతి మరిచిపోతే డబ్బు దండగ.

అనుమతి అడగని గూఢచారి

ముంబయి దాడికి ముందు డేవిడ్ హెడ్లీ ఎన్నోసార్లు మన దేశానికి వచ్చాడు. కెమెరాతో తాజ్ హోటల్లో తిరిగాడు. పడవ దిగడానికి అనువైన చోట్లను జీపీఎస్ పరికరంలో గుర్తుపెట్టుకున్నాడు. శత్రువు ఒక మనిషిని పంపాల్సి వచ్చింది, అతడు పట్టుబడే ప్రమాదం కూడా మోయాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ అవసరం తగ్గుతోంది. ఒక భవనంలో రోజూ తిరిగే మనుషుల జేబుల్లోని ఫోన్లే లోపలి పటాన్ని గీయగలవు. ఈజిప్టు పరిశోధకులు 2012లోనే ఈ పని చేసి చూపించారు. ఫోన్లలోని కదలికల నమోదును పోగేసి భవనం ప్లానును, అందులోని గదులు, వరండాలు, మెట్లతో సహా కంప్యూటర్‌తో గీయించారు.

మనలో చాలామంది ఫోన్‌లో 'లొకేషన్' మీట నొక్కి ఆపేస్తే పని అయిపోయిందనుకుంటాం. ఆ మీట జీపీఎస్ లాంటి వాటికే. ఆండ్రాయిడ్ ఫోన్లలో యాక్సిలరోమీటర్, జైరోస్కోప్ కొలతలను చదవడానికి యాప్ మన అనుమతి అడగనక్కర్లేదు. అడుగుల సంఖ్య తెలుసుకోవడానికి అనుమతి తీసుకోవాలన్న నియమం 2019లో ఆండ్రాయిడ్ 10తో వచ్చింది. సెకనుకు 200 సార్ల కంటే ఎక్కువ కొలతలు తీసుకునే యాప్ ఆ సంగతి ముందే ప్రకటించాలని 2021లో ఆండ్రాయిడ్ 12 షరతు పెట్టింది. మనిషి నడక గీయడానికి సెకనుకు 50 కొలతలు చాలు. విమానంలో వాడే ఫ్లైట్ మోడ్ సంకేతాన్ని ఆపుతుంది కానీ సెన్సర్‌ను ఆపదు. లోపల తిరిగినంతసేపూ నమోదైన కదలికలు, గేటు దాటి నెట్‌వర్క్ రాగానే ఎక్కడికైనా వెళ్లగలవు.

ఇది ఊహాగానం కాదు. 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇజ్రాయెల్ నిపుణులతో కలిసి ఫోన్ జైరోస్కోప్‌తోనే దగ్గరి మాటల్ని కొంతమేర గుర్తించవచ్చని నిరూపించారు. ప్రిన్స్‌టన్ పరిశోధకులు 2017లో జీపీఎస్ ఆపేసిన ఫోన్ ప్రయాణాన్ని సెన్సర్లు, గాలి పీడనం, బహిరంగంగా దొరికే మ్యాపుల సాయంతో పసిగట్టారు. 2018 జనవరిలో స్ట్రావా ఉదంతం ప్రపంచానికి తెలిసింది. వ్యాయామం చేసేవారి పరుగులన్నింటినీ కలిపి ఆ సంస్థ అంతకు కొన్ని నెలల ముందు ఒక పటం విడుదల చేసింది. ఎడారుల్లో, కొండల్లో వెలిగిపోతున్న గీతలు సైనిక స్థావరాల కాపలా దారులని ఒక ఆస్ట్రేలియా విద్యార్థి గుర్తించాడు. ఆ సైనికుల్లో ఎవరూ రహస్యం అమ్ముకోలేదు. పొద్దున్నే పరిగెత్తారు, అంతే.

మన బలగాలు ఈ ముప్పును అసలే పట్టించుకోలేదనడం అన్యాయం. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ నిఘా విభాగం 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' పేరుతో విశాఖ తదితర చోట్ల నౌకాదళ సిబ్బంది కొందరిని వలపు వలలో పడి సమాచారం చేరవేశారన్న ఆరోపణపై అరెస్టు చేసింది. ఆ తర్వాత నౌకాదళం తన స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను నిషేధించింది. 2020 జులైలో సైన్యం 89 యాప్‌లను ఫోన్లలోంచి తీసేయాలని తన వారిని ఆదేశించింది. అవి అవసరమైన చర్యలే. అయితే యాప్‌ల జాబితాను బట్టి నడిచే రక్షణకు ఒక పరిమితి ఉంది. ఈ రోజు నిషేధించిన యాప్ స్థానంలో రేపు టార్చిలైటు పేరుతో, పంచాంగం పేరుతో మరోటి వస్తుంది. జవాను ఫోన్‌ను కట్టడి చేసినా కాంట్రాక్టరు ఫోన్, ఏసీ బాగుచేసే కుర్రాడి ఫోన్, చేతి గడియారం, నడక లెక్కపెట్టే పట్టీ లోపలికి వెళ్తూనే ఉంటాయి.

కొందరు పాత సహచరులు దీన్ని అతి భయమంటారు. ఫోన్ లెక్కలో అంత పొరపాటు ఉందని నువ్వే చెప్పావు, అలాంటి పటం శత్రువుకు ఎందుకు పనికొస్తుంది అని అడుగుతారు. ఒక్కడి అడుగుజాడ నిజంగానే పనికిరాదు. వందమంది ఆరు నెలలపాటు అదే వరండాలో నడిస్తే పొరపాట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, గోడలు తేలతాయి. పైగా శత్రువుకు గది కొలతలకంటే అలవాట్లు ముఖ్యం. రోజూ రాత్రి రెండింటికి ఏ మెట్ల దగ్గర అడుగులు మారుతున్నాయో తెలిస్తే కాపలా ఎప్పుడు మారుతుందో తెలిసినట్టే.

మరికొందరు ఫోన్లన్నీ పూర్తిగా నిషేధించాలంటారు. అదీ నాకు సమ్మతం కాదు. మా రోజుల్లో ఇంటి ఉత్తరం కోసం పదిహేను రోజులు ఎదురుచూసేవాళ్లం. సియాచిన్ నుంచి, తవాంగ్ నుంచి దిగొచ్చిన జవాను వీడియో కాల్‌లో బిడ్డ ముఖం చూసుకుంటే అది అతడి మనోబలంలో భాగం. దాన్ని లాగేసుకుంటే దొంగచాటు ఫోన్లు పెరుగుతాయి, ముప్పు ఇంకా పెరుగుతుంది. ఫోన్ ఉండాలి. ఎక్కడ ఉండకూడదో స్పష్టంగా తెలియాలి.

ఇప్పుడేం చేయాలి?

మొదటిది, మన సొంత పరికరం. బజారు ఫోన్‌ను సైనికుడి చేతికిచ్చి అందులో యాప్ వేయడం పరిష్కారం కాదు. బూటులోనో బెల్టులోనో అమరే, బయటి సంస్థలకు ఏ సమాచారమూ పంపని పరికరం కావాలి. క్షిపణి సాంకేతికతను మనకు నిరాకరించిన రోజుల్లో దిశానిర్దేశక వ్యవస్థలను స్వయంగా తయారుచేసుకున్న దేశం మనది. హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్, తిరువనంతపురంలోని ఇస్రో ఇనర్షియల్ సిస్టమ్స్ యూనిట్ ఆ విద్యలో ఆరితేరాయి. మొహాలీలో సెమీకండక్టర్ ప్రయోగశాల ఉంది. 2018లో మొదలైన ఐడెక్స్ పథకం ద్వారా అంకుర సంస్థలకు సవాలు విసరవచ్చు. అగ్ని క్షిపణికి దారి చూపినవాళ్లకు బూటుకు దారి చూపడం అసాధ్యం కాదు. చవగ్గా, లక్షల సంఖ్యలో చేయడమే అసలు పరీక్ష.

పరికరాన్ని పరీక్షించే తీరులోనూ జాగ్రత్త కావాలి. ఈ లెక్కలన్నీ మాల్‌లో తాపీగా నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. సైనికుడు పాకుతాడు, పక్కకు జరుగుతాడు, వెనక్కి నడుస్తాడు, గాయపడిన వాణ్ని ఈడ్చుకుంటూ మెట్లు దిగుతాడు. పాకే మనిషికి అడుగులే ఉండవు. మంటల్లో వేడికి, తలుపులు బద్దలైనప్పుడు గాలి పీడనం మారిపోతుంది, బారోమీటర్ అంతస్తు తప్పు చెబుతుంది. కాబట్టి ఏసీ వరండాలో మంత్రిగారి ముందు చేసే ప్రదర్శన చూసి కొనకూడదు. పొగ నింపిన భవనంలో, అర్ధరాత్రి, అలసిపోయిన జవాన్లతో పరీక్షించి కొనాలి.

రెండోది, భవనాల ప్లాన్లు. విమానాశ్రయాలు, పెద్ద ఆసుపత్రులు, హోటళ్లు, మాల్స్, మెట్రో స్టేషన్ల ప్లాన్లు కాగితం చుట్టలుగా మున్సిపల్ బీరువాల్లో కాకుండా, అగ్నిమాపక, పోలీసు బలగాలకు క్షణాల్లో అందే డిజిటల్ రూపంలో ఉండాలి. కట్టిన తర్వాత మార్చిన గోడలు, మూసేసిన మెట్లు కూడా అందులో నమోదు కావాలి. అగ్నిమాపక సేవలు రాష్ట్రాల పరిధిలోవి. అనుమతి పత్రం పునరుద్ధరించే ప్రతిసారీ తాజా ప్లాను ఇవ్వాలని తెలుగు రాష్ట్రాలు షరతు పెడితే కేంద్రం కోసం ఎదురుచూడనక్కర్లేదు. అయితే ఆ భాండాగారం చేరరాని చేతికి చేరితే శత్రువుకు కానుకే. దానికి సైనిక రహస్యానికి ఉన్నంత కాపలా ఉండాలి.

మూడోది, ఫోన్ల క్రమశిక్షణ. సైనిక, పోలీసు, అణు, అంతరిక్ష కేంద్రాలను మండలాలుగా విభజించాలి. నివాస ప్రాంతంలో ఫోన్ ఉండొచ్చు. కార్యాలయంలో బలగమే ఇచ్చిన ఫోన్ మాత్రమే ఉండాలి. ఆపరేషన్ గదులు, ఆయుధాగారాల్లోకి ఏదీ వెళ్లకూడదు. వాచీలు, పట్టీలు, చెవిలో పెట్టుకునే పరికరాలు సహా అన్నీ గేటు దగ్గరి లాకర్లోనే ఉండాలి. జనరల్ వాచీకి ఒక నియమం, సిపాయి వాచీకి ఒక నియమం ఉంటే ఆ నియమం నెల రోజులు కూడా నిలవదు.

నాలుగోది, ఫోన్ తయారీదారుల మీద ఒత్తిడి. ప్రపంచంలో స్మార్ట్‌ఫోన్లకు రెండో అతిపెద్ద మార్కెట్ మనది. కెమెరాకు, మైక్‌కు అడిగినట్టే కదలిక సెన్సర్లకూ అనుమతి అడగాలని, అన్నింటినీ ఒకే మీటతో ఆపే వీలుండాలని మనం పట్టుబట్టగలం. ఇది సైన్యం కోసమే కాదు. మీరు ఇంట్లో ఏ గదిలో ఎంతసేపు ఉంటున్నారో, ఏ వేళకు ఇంట్లో ఎవరూ ఉండరో చెప్పగల సమాచారం కూడా అదే. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం తెచ్చుకున్నాం. కదలికల నమోదును కూడా ఆ చట్టం స్ఫూర్తితోనే చూడాలి.

చివరిగా, శిక్షణ. బ్యాటరీ అయిపోతుంది, చిప్పు తప్పు చెబుతుంది, తెర పగులుతుంది. అకాడమీల్లో దిక్సూచి, అడుగుల లెక్క పాఠాలు ఆపకూడదు. తన పరికరం ఎలా తప్పుతుందో తెలిసినవాడే దాన్ని సరిగా వాడగలడు. భవనంలోకి వెళ్లే ముందు అంతస్తుల లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అన్ని జట్లకూ ఒకే మాట చెప్పాలి. దీనికి పైసా ఖర్చు లేదు. నేను ఆ పని చేయలేదు. గోడ మీద మూడు దెబ్బలు నన్ను కాపాడాయి. నా తర్వాతి తరం కమాండర్ అదే గోడ చాటున కూర్చుని, తన మనుషులు ఎక్కడున్నారో చూసి చెప్పగలగాలి. ఆ భవనం లోపలి దారి శత్రువు తెర మీద మాత్రం కనిపించకూడదు. ఈ రెండు పనులనూ ఒకే విధానంగా చేపట్టాలి. అందుకు కావలసిన చిప్పులు, నైపుణ్యం, సంస్థలు మన దగ్గరే ఉన్నాయి. ఇక కావలసింది నిర్ణయం.

(వ్యాసకర్త భారత సైన్యంలో కర్నల్‌గా పదవీ విరమణ చేశారు)